బిళ్ళ గన్నేరు: పెంపకం, పోషణ

బిళ్ళ గన్నేరు ఏడాది పొడవునా పూసే బహువార్షిక మొక్క. తులసికోట పక్కన, ప్రహరీ గోడ పగుళ్ళలో, రైలు పట్టాల వెంట కంకరలో, రహదారి డివైడర్ల మీద, శ్మశానాల్లో, సముద్రపు ఇసుకలో ఎక్కడ మొలిచినా అదే నిండుతనంతో పూస్తుంది. తమిళంలో నిత్యకల్యాణి అనీ, సుడుకాట్టు మల్లి అనీ అంటారు. హిందీలో సదాబహార్, మరాఠీలో సదాఫులీ. మన ఇళ్ళలో దీన్ని కావాలని నాటినవాళ్ళ కంటే, తనంతట మొలిస్తే పీకకుండా ఉంచుకున్నవాళ్ళే ఎక్కువ. అయితే నర్సరీ నుంచి కొని తెచ్చి, మంచి కుండీలో పెట్టి, రోజూ నీళ్ళు పోసి పెంచిన బిళ్ళ గన్నేరు మొదటి వానాకాలంలోనే నల్లబడి చచ్చిపోవడమూ అంతే మామూలుగా జరుగుతుంది. రెండింటికీ మూలం ఒకటే. ఈ మొక్క నీటి కొరతను ఓర్చుకోగలదు, నీటి ముంపును ఓర్చుకోలేదు. దీని పోషణలో తెలుసుకోవలసిన సంగతుల్లో చాలా భాగం ఇక్కడి నుంచే పుడతాయి.

మొక్క తీరు

శాస్త్రీయ నామం కాథరాంథస్ రోజియస్. అపోసైనేసి కుటుంబానికి చెందింది. గన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు, సర్పగంధి, ఎడారి గులాబి దీని చుట్టాలు. మామూలుగా 30 సెంటీమీటర్ల నుంచి మీటరు ఎత్తు పెరుగుతుంది. పైకొమ్మలు లేతగా, రసంతో ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ మొదలు కర్రబారుతుంది. ఆకులు ఎదురెదురుగా, కోలగా, మెరుస్తూ, నడిమి ఈనె తెల్లగా కనిపిస్తూ ఉంటాయి. కొమ్మ తుంచితే కొద్దిగా పాలు వస్తాయి. మొక్కంతా చేదుగా ఉంటుంది కనుక పశువులు ముట్టవు. మేకలు తిరిగే వీధిలో కూడా కంచె లేకుండా పెరగడానికి ఈ చేదే కారణం.

పువ్వుకు సన్నని గొట్టం, దాని పైన చదునుగా పరుచుకున్న అయిదు రేకలు. నాటు మొక్కల్లో ఊదా కలిసిన గులాబి రంగు, పూర్తి తెలుపు, ఎర్రని నడిబొట్టు ఉన్న తెలుపు అనే మూడు రూపాలు కనిపిస్తాయి. వాసన దాదాపు లేదు. ఈ పువ్వు లోపలి అమరిక చూడదగ్గది. పరాగకోశాలు గొట్టం నోటి దగ్గర, కీలాగ్రానికి పైన ఉంటాయి. పుప్పొడిని స్వీకరించే భాగం మాత్రం కీలాగ్రం అడుగు అంచున ఉంటుంది. దానివల్ల సొంత పుప్పొడి పైన రాలినా చాలావరకు నిష్ఫలమే. సీతాకోకచిలుక తన పొడవాటి తొండాన్ని గొట్టంలోకి దింపి తీసినప్పుడు పుప్పొడి ఒక పువ్వు నుంచి మరొక పువ్వుకు చేరుతుంది. తెల్ల మొక్క, గులాబి మొక్క పక్కపక్కన ఉన్న పెరట్లో వాటి విత్తనాల నుంచి వచ్చే పిల్లమొక్కలు రంగు మారడానికి ఈ పరపరాగమే కారణం.

కాయలు జంటగా, సన్నగా, రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల పొడవున నిలబడతాయి. పండి ఎండగానే చీలి చిన్న నల్ల గింజలను రాలుస్తాయి. గింజలను చీమలు, వాననీరు, గాలి మోసుకుపోతాయి. మేడ మీద గోడ పగుల్లో మొక్క మొలవడం వెనుక చాలాసార్లు చీమలే ఉంటాయి.

పుట్టిల్లు

బిళ్ళ గన్నేరు మన దేశపు మొక్కే అనిపించేంతగా ఇక్కడ కలిసిపోయింది గానీ, దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. కాథరాంథస్ ప్రజాతిలో ఎనిమిది జాతులుంటే ఏడు ఆ దీవిలో పుట్టినవే. ఎనిమిదవదైన కాథరాంథస్ పుసిల్లస్ మాత్రం భారతదేశం, శ్రీలంకలది. తెల్లని చిన్న పూలతో పొలాల్లో కలుపుగా పెరుగుతుంది. 18వ శతాబ్దంలో మడగాస్కర్ విత్తనాలు పారిస్ రాజోద్యానానికి, అక్కడి నుంచి లండన్‌లోని చెల్సీ ఔషధ వనానికి చేరాయి. చెల్సీలో ఫిలిప్ మిల్లర్ వాటిని పెంచాడు. 1759లో లినేయస్ దీనికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. 1837లో జార్జ్ డాన్ దీన్ని కాథరాంథస్‌లోకి మార్చినా, నర్సరీల వ్యాపారంలో నేటికీ వింకా అనే పేరే నడుస్తోంది.

పుట్టిన చోట అది ఎలాంటి నేలలో ఉంటుందో తెలిస్తే పెంచేవాళ్ళకు సగం పని తెలిసినట్టే. తీరం వెంట ఇసుక, ఏటి ఒడ్లు, బీడు భూములు, రాతి సందులు దానికి ఇష్టమైన చోట్లు. ఉప్పు గాలిని ఓర్చుకుంటుంది. నీరు పడుతుంది, వెంటనే ఇంకిపోతుంది, వేళ్ళ చుట్టూ గాలి ఆడుతుంది. విశాఖ నుంచి నెల్లూరు వరకు తీరప్రాంత ఇసుక నేలల్లోనూ, రాయలసీమ ఎర్ర గరప నేలల్లోనూ ఇది అడగకుండానే పెరుగుతుంటే అందులో వింతేమీ లేదు.

ఎండను తట్టుకునే విధం

వేరు తిన్నగా కిందికి దిగి 70 సెంటీమీటర్ల దాకా పోగలదు. పై మట్టి ఎండిపోయాక కూడా అడుగు తడిని అందుకుంటుంది. ఆకు మీది మైనపు పొర తేమను ఆవిరి కానివ్వదు. మధ్యాహ్నపు ఎండలో ఆకులు నడిమి ఈనె వెంట లోపలికి ముడుచుకుని ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గించుకుంటాయి. నీటి ఎద్దడి వారాలపాటు సాగితే మొక్క కింది ఆకులను రాల్చి, చిగుళ్ళనూ మొగ్గలనూ నిలుపుకుంటుంది. పూలు చిన్నవవుతాయి, ఆగిపోవు.

ఎద్దడికీ లోపలి రసాయనాలకూ సంబంధం ఉంది. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాల్లో నీరు తగ్గించి పెంచిన మొక్కల వేళ్ళలో అజ్మాలిసిన్ అనే ఆల్కలాయిడ్ పెరిగినట్టు తేలింది. పశువుల నోటి నుంచి మొక్కను కాపాడే చేదు పదార్థాల కుటుంబంలోదే ఇది. వానలు లేని రోజుల్లో పచ్చగా మిగిలిన మొక్క మీదే అన్ని మూతులూ పడతాయి. అలాంటప్పుడే చేదు పెరగడం దానికి కలిసొచ్చే సంగతి.

పెంపకం

విత్తనంతో పెంచడం తేలిక, చవక. కాయ ఆకుపచ్చ రంగు పోయి పసుపు బారగానే, చీలకముందే కోసి కాగితం సంచిలో ఆరబెట్టాలి. ఒక్కరోజు ఆలస్యమైనా గింజ నేలపాలవుతుంది. గింజ సన్నం కాబట్టి ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడుతుంది. ఇవి చీకట్లో బాగా మొలుస్తాయి. అర సెంటీమీటరు మందాన జల్లెడ పట్టిన మట్టి కప్పి, మొలక కనిపించేదాకా పైన తడి గోనెపట్టా వేసి ఉంచాలి. 24 నుంచి 27 డిగ్రీల వేడిలో వారం, రెండు వారాల్లో మొలకలొస్తాయి. మొలక కనబడిన రోజే పట్టా తీసేయాలి. అశ్రద్ధ చేస్తే నారు తెల్లగా సాగిపోయి, మొదలు కుళ్ళి పడిపోతుంది. నాలుగైదు ఆకులు వచ్చాక తీసి నాటుకోవచ్చు. వేరు తెగితే ఈ మొక్క తేరుకోవడం కష్టం కనుక మట్టిగడ్డతో సహా తీయడం మంచిది. రెండు మూడు నెలల్లో పూత మొదలవుతుంది.

కొమ్మతోనూ వస్తుంది. మరీ లేతగా, మరీ ముదురుగా కాని పది సెంటీమీటర్ల కొమ్మను కణుపు కింద కోసి, అడుగు ఆకులు తీసి, తడి ఇసుకలో నీడపట్టున గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. సంకర రకాల రంగును అలాగే నిలుపుకోవాలంటే ఈ పద్ధతే దారి. వాటి విత్తనం తల్లిని పోలి రాదు.

చోటు ఎంచుకునేటప్పుడు ఎండను చూడాలి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. నీడలో పెట్టిన మొక్క సన్నగా సాగి, ఆకులే వేసి, పూలు తగ్గిస్తుంది. నేల గుల్లగా, నీరు ఇంకేదిగా ఉండాలి. ఎర్రనేల, ఇసుక నేల సరే. నల్లరేగడిలో నాటక తప్పకపోతే జానెడు ఎత్తు గట్టు పోసి దాని మీద నాటాలి. కుండీలోనైతే రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు సరిపోతాయి. కుండీ కింద రంధ్రం మూసుకుపోకుండా పెంకులు పరవాలి. ప్లాస్టిక్ కుండీ కంటే మట్టి కుండీ దీనికి నయం. గోడల గుండా కూడా తడి ఆరుతుంది. అందం కోసం కుండీ కింద పళ్ళెం పెట్టి అందులో నీరు నిలవనివ్వడం ఈ మొక్కకు చేసే అన్యాయం.

నీటి సంగతి నిదానంగా చెప్పుకోవాలి. నారు కుదురుకునే మొదటి మూడు వారాలు మట్టి ఆరిపోకుండా చూడాలి. ఎండను తట్టుకునే మొక్క అన్న నమ్మకంతో చాలామంది ఈ దశలోనే నారును ఎండబెట్టి పోగొట్టుకుంటారు. తట్టుకునే శక్తి వేరు లోతుకు దిగాక వచ్చేదే గాని పుట్టుకతో వచ్చేది కాదు. కుదురుకున్నాక వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. నేలలో నాటినదానికి వేసవిలో వారానికి ఒకటి రెండు తడులు, వానలుంటే అసలు అక్కర్లేదు. కుండీలో మట్టి కొంచెమే కాబట్టి మే నెలలో దాదాపు రోజూ అడగవచ్చు. పోసినప్పుడు నిండుగా, పొద్దున్నే, మొదట్లో పోయాలి. ఆకుల మీద, కొమ్మల మీద చల్లకూడదు.

వాడిపోయిన మొక్కను చూసి వెంటనే చెంబు అందుకోవడం ఈ పెంపకంలో అన్నిటికన్నా ఎక్కువ మొక్కలను చంపుతున్న అలవాటు. మధ్యాహ్నం తలవాల్చి సాయంత్రానికి తేరుకుంటే అది మొక్క తన తెలివితో చేసే పని, దాన్ని అలా వదిలేయాలి. తెల్లవారుజామున కూడా వాడి ఉండి, మట్టి పొడిగా ఉంటే అది దాహం. మట్టి తడిగా ఉండగా వాడితే వేరు కుళ్ళుతోందని అర్థం. అప్పుడు పోసే ప్రతి చుక్కా దాన్ని చావుకు దగ్గర చేస్తుంది. కుండీని ఎండగాలి తగిలే చోటికి మార్చి, మట్టిని ఆరనివ్వడమే చేయగలిగిన పని.

ఎరువు కొద్దిగా చాలు. రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు గాని, పశువుల ఎరువు గాని వేస్తే సరి. యూరియా వేస్తే ఆకు బాగా వస్తుంది, కొమ్మ మెత్తబడుతుంది, తెగులు సులభంగా పట్టుకుంటుంది. సున్నపు నేలల్లో, ఉప్పు బోరునీటితో పెరిగే మొక్కల్లో లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం తరచు కనిపిస్తుంది. అది ఇనుము అందకపోవడం. లీటరు నీటికి రెండు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి చల్లని పొద్దున పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. నీళ్ళు ఆకుల మీద పడనివ్వకూడదన్న నియమానికి ఇదొక మినహాయింపు.

మొక్క జానెడు ఎత్తుకు రాగానే తల తుంచితే పక్కకొమ్మలు వేసి గుబురుగా తయారవుతుంది. వాడిన పూలు వాటంతట అవే రాలతాయి, ఏరే పని లేదు. వానలు వెనుకపట్టాక, మళ్ళీ ఎండలు ముదరకముందు మూడో వంతు కత్తిరిస్తే కొత్త చిగురు మీద పూత దట్టంగా వస్తుంది. రెండు మూడేళ్ళకు మొదలు కర్రబారి, అడుగున ఆకులు లేక బోసిపోతుంది. చావకపోయినా అందం తగ్గుతుంది. పక్కన తనంతట మొలిచిన పిల్లమొక్కను పెంచుకుని పాతదాన్ని తీసేయడం మంచిది.

మంచు పడే దేశాల్లో ఇది ఒక్క సీజను మొక్క. అమెరికాలోని టెక్సాస్‌లో మే నెల రాకముందు నాటవద్దని తోటమాలులు చెబుతారు. చలికి భయపడి మాత్రమే కాదు. చల్లని తడి నేలలో వేరు కుళ్ళు పట్టుకుంటుందని.

తెగుళ్ళు, పురుగులు

మొట్టమొదటి శత్రువు ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి తెచ్చే కొమ్మకుళ్ళు తెగులు. నాలుగు రోజులు ముసురు పట్టగానే కొమ్మ చివర నీటిలో ఉడికినట్టు మెత్తబడి, నల్లగా మారి, కిందికి పాకుతుంది. వారంలో మొక్క పోతుంది. మట్టిలో ఉండే ఈ జీవి వానచినుకులతో ఎగిరి ఆకుల మీద పడుతుంది. అందుకే కొమ్మలను తడపకుండా నీరు పోయాలన్న నియమం అంత ముఖ్యమైనది. సోకిన కొమ్మను ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా కోసి తీసేయాలి. మొక్కల మధ్య అడుగు ఎడం ఉంచి గాలి ఆడనివ్వాలి. కుండీలను వానాకాలంలో చూరు కిందికి మార్చాలి. లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయడం ముందుజాగ్రత్తగా పనికొస్తుంది. ముదిరాక దాని వల్ల పెద్ద ఫలితం ఉండదు. చచ్చిన మొక్క ఉన్న చోట వెంటనే మళ్ళీ బిళ్ళ గన్నేరే నాటకూడదు.

రెండోది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే జబ్బు. పువ్వులు ఆకుపచ్చగా మారి, ఆకుల్లా తయారై, మొక్కంతా చిట్టి ఆకుల గుత్తిలా అవుతుంది. నువ్వుల్లో, వంగలో రైతులు వెర్రి తెగులు అని పిలిచేది ఈ జాతి జబ్బునే. దీపపు పురుగులు దీన్ని మోస్తాయి. మందు లేదు, పీకి కాల్చేయడమే. ఫైటోప్లాస్మాలను ప్రయోగశాలల్లో బతికించి ఉంచడానికి ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు వాడేది బిళ్ళ గన్నేరునే. అంత సులభంగా ఇది ఆ జబ్బును అంటించుకుంటుంది.

పురుగుల్లో పిండినల్లి, పేనుబంక వస్తాయి. వేపనూనె, సబ్బు నీళ్ళతో పోతాయి. అప్పుడప్పుడు వేలంత లావు ఆకుపచ్చ గొంగళి కనిపిస్తుంది. తల దగ్గర నీలి కన్నుల్లాంటి మచ్చలుంటాయి. అది గన్నేరు మీద, నందివర్ధనం మీద బతికే డాఫ్నిస్ నీరియై అనే రెక్కల పురుగు పిల్ల. మిగిలినవాటికి పడని విషం దానికి పడుతుంది. ఒకటి రెండు ఉంటే చేత్తో తీసి నందివర్ధనం మీద వేస్తే చాలు. దాని నుంచి వచ్చే రెక్కల పురుగు చాలా అందంగా ఉంటుంది.

రకాలు

నేటి నర్సరీల్లో కనిపించే పెద్ద పూల రకాలకు మూలం అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ పార్కర్ చేసిన సంకరాలు. అడవి జాతుల రంగులను ఆయన తోట మొక్కలోకి తెచ్చాడు. పారసోల్, ప్రెటీ ఇన్ పింక్, ప్రెటీ ఇన్ రోజ్ రకాలకు 1991లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతులు వచ్చాయి. ఆ తర్వాత ఎరుపు, నేరేడు రంగు, పాకే రకాలు వచ్చాయి. కోరా వరుస రకాలు కొమ్మకుళ్ళు తెగులును తట్టుకునేలా తయారైనవి. వానలు ఎక్కువగా పడే చోట వీటికి పెట్టే డబ్బు వృథా కాదు. ఏ ఖర్చూ పెట్టకుండా ఏళ్ళ తరబడి మొక్కలు నిలవాలంటే మాత్రం నాటు గులాబి రంగుదే నా ఎంపిక.

పంటగా

మందుల పరిశ్రమ కోసం దీన్ని మెట్ట పంటగా పండిస్తారు. మన దేశంలో తమిళనాడు పొడి జిల్లాలు దీనికి పేరు పొందాయి. లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థ నిర్మల్, ధవళ్ అనే తెల్లపూల రకాలను విడుదల చేసింది. వానల మొదట్లో హెక్టారుకు రెండున్నర కిలోల విత్తనం ఇసుకతో కలిపి 45 సెంటీమీటర్ల వరుసల్లో వేస్తారు. నారు పోసి నాటితే అరకిలో చాలు. ఆరో నెలలో, తొమ్మిదో నెలలో ఆకు దూస్తారు. ఏడాదికి మొక్కను కోసి, దున్ని వేరు తీస్తారు. ఆకు క్యాన్సర్ మందులకు, వేరు అజ్మాలిసిన్‌కు పోతాయి. పశువులు తినవు, నీరు పెద్దగా అక్కర్లేదు. చిక్కంతా కొనేవాడితోనే. ముందు ఒప్పందం లేకుండా ఈ పంట వేయడం సాహసం.

మందు

చాలా దేశాల నాటువైద్యంలో బిళ్ళ గన్నేరు ఆకు కషాయం మధుమేహానికి వాడేవారు. 1952లో కెనడా వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు జమైకా నుంచి ఒక కవరులో పాతిక ఆకులు వచ్చాయి. ఇన్సులిన్ పరిశోధన మొదలైన 1921లో, ఆ పరిశోధన చేపట్టిన బాంటింగ్‌కు సాయంగా ఎవరు ముందు పనిచేయాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నప్పుడు చార్లెస్ బెస్ట్‌కు అవకాశం వదులుకున్నది ఈయనే. ఆకులను ఆయన వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పనిచేసే తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు. కషాయం తాగించిన ఎలుకల్లో చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదిమందుగా ఎక్కించినప్పుడు ఎలుకలు అంటువ్యాధితో చచ్చాయి. చూస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌కు ఇది పనికొస్తుందేమో అన్న ఆలోచన అక్కడ పుట్టింది. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసి 1958లో ప్రకటించారు. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ సంస్థలో గార్డన్ స్వబోడా బృందం వేరే దారిలో ఇదే మొక్కను చేరింది. వారు తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. కణం రెండుగా చీలడానికి కావలసిన ట్యూబ్యులిన్ పోగులు ఏర్పడకుండా ఈ మందులు అడ్డుకుంటాయి. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్, హాడ్జ్‌కిన్ లింఫోమాలో విన్‌బ్లాస్టిన్ ఇతర మందులతో కలిపి నేటికీ వాడుతున్నారు. తర్వాత ఫ్రాన్స్‌లో పియరీ పోటియర్ వీటి నుంచి వినోరెల్బిన్ రూపొందించాడు.

మొక్కలో ఈ మందు అతి స్వల్పం. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండు ఆకు కావాలి. దాన్ని తయారుచేసే రెండు ముడి పదార్థాల్లో విండోలిన్ ఆకు లోపలి కణాల్లోనూ, కాథరాంథిన్ ఆకు పైనున్న మైనంలోనూ విడివిడిగా ఉంటాయని 2010లో తేలింది. ఒకదానికొకటి కలిసే వీలు తక్కువ కనుకే మందూ తక్కువ. మొక్క ఈ పదార్థాలను కట్టే చివరి మెట్లను 2018లో బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ కేంద్రంలో సారా ఓకానర్ బృందం కనుక్కుంది. 2022లో ఈస్ట్ కణాల చేత ఆ ముడి పదార్థాలను తయారు చేయించి వాటి నుంచి విన్‌బ్లాస్టిన్ తీశారు. మడగాస్కర్‌కు ఈ మందుల లాభాల్లో దక్కింది లేదన్న విమర్శ పాతది. ఆకులు వచ్చింది జమైకా నుంచైనా, మొక్క అన్ని దేశాలకూ పాకినదైనా, జాతి పుట్టిన నేలకూ, దాని గుణం తెలిసిన నాటువైద్యులకూ ఏమీ చెందకపోవడం సమర్థించదగ్గది కాదు.

విషం

క్యాన్సర్ కణాన్ని ఆపే పదార్థం ఆరోగ్యంగా ఉన్న కణాన్నీ ఆపుతుంది. చక్కెర వ్యాధికి రోజూ పరగడుపున నాలుగు బిళ్ళ గన్నేరు ఆకులు నమిలితే చాలన్న సలహా మన ఊళ్ళలో ఇప్పటికీ తిరుగుతోంది. ఆకులో ఏ ఆల్కలాయిడ్ ఎంత ఉందో మొక్కమొక్కకూ, కాలం కాలానికీ మారుతుంది. ఎద్దడిలో పెరిగిన మొక్కలో ఇంకా మారుతుంది. కనుక మోతాదు ఎవరికీ తెలిసే వీలు లేదు. తెల్లకణాలు తగ్గడం, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం, వాంతులు, మలబద్ధకం ఈ జాతి మందులకు తెలిసిన దుష్ఫలితాలు. గర్భిణులు అసలే తీసుకోకూడదు. ఇప్పటికే ఆకు వాడుతున్నవారు ఆ సంగతిని తమ వైద్యుడికి తప్పక చెప్పాలి. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవాలి. కోసిన కొమ్మలను గడ్డిలో కలిపి దూడల ముందు వేయకూడదు. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీని అరుగు మీదో, పిట్టగోడ మీదో వాళ్ళకు అందనంత ఎత్తులో పెట్టుకోవాలి. అక్కడ ఎండ కూడా బాగా పడుతుంది.